హాజరుపట్టీలో నా ఐలైనర్

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి ఒక భ్రమ ఉంటుంది, ఊరంతా మన ముఖమే చూస్తోందని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఇరవై మూడేళ్ళ వయసులో అది భ్రమ అని ఎవరు చెప్పినా నేను నమ్మేదాన్ని కాదు. మూడేళ్ళు పరీక్షల మీద పరీక్షలు రాయగా, ఆత్రేయపురం దగ్గర ఒక చిన్న గవర్నమెంటు ఆఫీసులో పోస్టింగు వచ్చింది. మా పెద్దమ్మ ఇల్లు అక్కడికి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉండటంతో పెట్టె సర్దుకుని ఆవిడ దగ్గర దిగిపోయాను. పెట్టెలో అన్నిటికంటే పైన, పాత చున్నీలో చుట్టి, రాజమండ్రిలో కొన్న ఐలైనర్ సీసా ఒకటి పెట్టుకున్నాను. ఆ ఏడాది ఫోను తెరిస్తే చాలు, అదే కనిపించేది. ఒక పిల్ల దాన్ని వేసుకుని నెత్తి మీద బకెట్టు నీళ్ళు గుమ్మరించుకునేది, ఇంకో పిల్ల ఉల్లిపాయలు తరిగి వలవలా ఏడ్చేది, గీత మాత్రం చెక్కుచెదిరేది కాదు. "అది వేసుకుంటే కళ్ళకి రెక్కలొస్తాయే" అంది మా హాస్టల్ రూమ్మేటు. నాకూ రెక్కలు కావాలనిపించింది. (మా ఇంట్లో దీన్ని మొండితనం అంటారు. నేను పట్టుదల అంటాను.)

ఉద్యోగంలో చేరే రోజు పొద్దున్నే ఏడింటికి అద్దం ముందు కూర్చున్నాను. ఎడమ కంటికి గీత బాగానే వచ్చింది, చివర కొంచెం పైకి లేచింది. కుడి కంటిది దానికంటే పొడుగొచ్చింది. సరే అని ఎడమది పెంచాను, అది లావైంది. కుడిది లావు చేశాను, అది ఇంకా సాగింది. ఎనిమిదిన్నరకి చూసుకుంటే ఎడమ గీత కనుబొమని తాకుతోంది, కుడి గీత చెవి దారి పట్టింది. నీళ్ళు కొట్టుకున్నాను, పోలేదు. సబ్బుతో రుద్దాను, కళ్ళు ఎర్రబడ్డాయి గానీ గీత పోలేదు. ఫోనులో పిల్లలు అబద్ధం చెప్పలేదని అప్పుడు తెలిసింది. పెరట్లో పాకలో కూర్చున్న పెద్దమ్మ నన్ను చూసి చేతిలో పని ఆపేసింది. "ఏంటే అమ్మడూ, ఎవరైనా కొట్టారా?" అంది. "ఫ్యాషన్ పెద్దమ్మా" అని చెప్పులేసుకున్నాను. మొదటిరోజే ఆలస్యంగా వెళ్ళడం కంటే వంకర కళ్ళతో వెళ్ళడమే మేలని నిర్ణయించుకున్నాను.

ఆఫీసులో మొదటి పని హాజరు యాప్‌లో ముఖం ఎక్కించడం. మాకు రిజిస్టరులో సంతకాలు లేవు, రోజూ పదింటిలోపు ఫోనుకి ముఖం చూపించాలి. ఆఫీసుకి పెద్ద అయిన సెక్రటరీ గారు నన్ను వరండాలో నిలబెట్టి, "కళ్ళు పెద్దవి చేయండమ్మా... ఆఁ... ఒకసారి ఆర్పండి" అన్నారు. ఆర్పాను. ఆయన నా కళ్ళ వంక ఒక క్షణం ఎక్కువసేపు చూసి, మర్యాదస్తుడు కాబట్టి సేవ్ నొక్కేశారు. ఆ సాయంత్రం పెద్దమ్మ కొబ్బరినూనె రాసి ఆ గీతలన్నీ తుడిచేసింది. కథ అక్కడితో అయిపోవాల్సింది.

మర్నాడు శుభ్రంగా కడుక్కున్న ముఖంతో వెళ్ళి, నా బల్ల దగ్గర కూర్చుని యాప్ తెరిచాను. 'ముఖం సరిపోలలేదు' అంది. మళ్ళీ చూపించాను, మళ్ళీ అదే మాట. మా సర్వేయరు గారు ఫైలు మీంచి తలెత్తి, "నిన్నటి కళ్ళు ఇంట్లో మర్చిపోయొచ్చారేంటండీ?" అన్నారు. సెక్రటరీ గారికి చెబితే, "పది దాటితే సెలవు పడుతుందమ్మా. ప్రొబేషన్‌లో సెలవులు ఎక్కువైతే మంచిది కాదు. ఫోటో మార్పించాలంటే పైకి లెటర్ పెట్టాలి. కారణం ఏమని రాయమంటారు?" అన్నారు. 'ఐలైనర్' అని పై అధికారికి రాసుకోవడం నా ప్రాణం పోయినా జరగదు. హ్యాండ్‌బ్యాగ్ పట్టుకుని వరండా చివరున్న బాత్‌రూమ్‌కి పరిగెత్తి, నిన్నటి వంకర గుర్తు తెచ్చుకుంటూ రెండు కళ్ళకీ గీసేశాను. బయటికొచ్చి అక్కడే నిలబడి యాప్ తెరిస్తే ఆకుపచ్చ టిక్కు పడింది. అప్పటికి టైము తొమ్మిదీ యాభై ఎనిమిది. మూడేళ్ళ చదువు ఆ గీత మీద నిలబడి ఉందని ఆ క్షణాన నాకు రూఢి అయిపోయింది.

ఇక రోజూ అదే వంకర గీయాలి, అదే చోట నిలబడి చూపించాలి. వంకరగా గీయడం తేలికనుకుంటారు గానీ, రోజూ ఒకే వంకర గీయడం ఎంత కష్టమో నన్నడగండి. చెయ్యి వణికేది. పెద్దమ్మ చేతికి వణుకన్నది తెలియదు. ముప్పై ఏళ్ళుగా పూతరేకులు చేస్తోంది. కింద కొబ్బరాకు మంట, పైన బోర్లించిన కుండ, పల్చటి పిండిలో ముంచిన గుడ్డని దానిమీద ఒక్కసారి లాగితే కాగితం కంటే పల్చటి రేకు లేస్తుంది. "మధ్యలో ఆగావో చిరిగిపోద్ది. చెయ్యి పెట్టాక ఇంక ఆలోచించకూడదు, లాగెయ్యడమే" అని చెప్పి, సీసా తీసుకుని నా రెండు కళ్ళకీ రెండే లాగులు లాగింది. అద్దంలో చూసుకుంటే ఫోనులో పిల్లలు కూడా అంత చక్కగా వేసుకోలేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. "ఇలా కాదు పెద్దమ్మా, ఎడమది పైకి పోవాలి, కుడిది చెవికి పోవాలి" అన్నాను. ఆవిడ సీసా నా చేతిలో పెట్టేసింది. "వంకరగా లాగడం నా వల్ల కాదే తల్లీ, చెయ్యి పాడైపోద్ది" అంది. ఆవిడ పద్ధతిలోనే నా వంకర నేనే నేర్చుకున్నాను. రోజూ అరగంట, రెండున్నర నెలలు. ఒక్క సెలవు కూడా పడలేదు.

అప్పుడు గోదావరికి వరదొచ్చింది. ఏటి మధ్య లంకలో వాళ్ళకి బియ్యం, పాలప్యాకెట్లు ఇచ్చే డ్యూటీ వేశారు, హాజరు కూడా అక్కడినుంచే వేయాలన్నారు. తెల్లారగట్లే బయల్దేరడంతో ఇంట్లో గీసుకోవడం కుదర్లేదు. సగం దారిలో గుర్తొచ్చి, పడవలోనే బియ్యం బస్తాకి ఆనుకుని, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో సీసా పట్టుకున్నాను. పడవ నడిపే ఆయన వెనక్కి తిరిగి, "అమ్మగారూ, సుడి దగ్గరకొచ్చాం, కాస్త గట్టిగా పట్టుకోండి" అన్నాడు. నేను ఫోనుని గట్టిగా పట్టుకున్నాను. సీసా మాత్రం ఎర్రనీళ్ళలో రెండు మునకలేసి కనపడకుండా పోయింది. అవతలి గట్టున దిగాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. వానకి తడిసిన ముఖంతో, గీతా గాతా లేని కళ్ళతో, దణ్ణం పెట్టుకుని ఫోను ఎదురుగా పట్టుకున్నాను. మొదటిసారికే టిక్కు పడింది.

నా గీతల సంగతంతా చెబితే, డ్యూటీకి నాతోపాటే వచ్చిన సర్వేయరు గారు పాలప్యాకెట్ల ట్రేల మీద కూలబడి నవ్వారు. "మన ఆఫీసు లోపల చీకటండీ. అక్కడ కూర్చుని చూపిస్తే ఎవరికీ పడదు. నేను రోజూ వరండాలోకొచ్చి వేసుకుంటాను. నేనేమన్నా ఐలైనర్ పెడుతున్నానా?" అన్నారు. "ముందే చెప్పొచ్చు కదండీ!" అన్నాను, కోపంతో. "మీరు సరదాగా వేసుకుంటున్నారనుకున్నానండీ" అన్నారాయన.

ఇది జరిగి నాలుగేళ్ళు కావస్తోంది. ఇప్పుడు ఫోటో మనమే మార్చుకోవచ్చు, లెటర్ కూడా అక్కర్లేదు. నేను మార్చలేదు. రోజూ పొద్దున్న వరండాలో యాప్ తెరవగానే ముందు ఆ పిల్ల కనిపిస్తుంది. ఎర్రటి కళ్ళు, ఒక గీత కనుబొమకి, ఇంకోటి చెవికి, ఎలాగైనా ఈ ఉద్యోగం నిలబెట్టుకుంటానన్న ముఖం. ఈ మధ్య నేను దేనికోసమూ అంత పట్టుగా అద్దం ముందు కూర్చున్నది లేదు. ఆ పిల్లనీ నన్నూ పక్కపక్కన పెట్టి చూసి, ఇద్దరూ ఒకటేనని ఫోను టిక్కు పెడుతుంది. అంతటి పిల్లా నేనూ ఒకటేనంటే నాకు పూర్తిగా నమ్మకం కుదరదు. అయినా, ఆ పిల్ల నన్ను ఇంకా గుర్తుపడుతోంది కదా అని, ఒకసారి దానివైపు చూసి కళ్ళార్పి లోపలికి వెళ్తాను.