స్తంభం మీద పదకొండో వరుస

రాజరత్నం మేష్టారు రాజమండ్రిలో మిషను బడి ఉపాధ్యాయుడు. తండ్రి పాలేరు, ఆ ఇంట్లో అక్షరం నేర్చిన మొదటివాడు ఈయనే. బడిలో ఇంగ్లండు రాజుల వరస కంఠతా పట్టించేవాడు గాని, తన కాళ్ళ కింది నేలను ఏలినవాళ్ళ సంగతి ఆయనకే సరిగా తెలియదు. 1883లో ఒకనాడు రేవులో చాకళ్ళు బట్టలుతికే బండ మీద అరిగిన రాత కనిపించింది. తెలుగులాగే ఉంది, చదవబోతే ఒక్క ముక్క అందదు. అది చదివితీరాలనుకున్నాడు.

పాత లిపి నేర్పేవాళ్ళు దొరకలేదు. తెలిసిన పదంలోంచి ఒక అక్షరం, ఆ అక్షరంతో ఇంకో పదం, ఇలా కూడబలుక్కోవడానికి ఆరేళ్ళు పట్టింది. శనివారం వస్తే చద్దిమూట కట్టుకుని రాళ్ళ కోసం బయలుదేరేవాడు.

"మనుషులతో మాట్లాడటం మానేశారేంటండీ?" అంది భార్య సంపూర్ణమ్మ.

"మాట్లాడుతూనే ఉన్నాను. వాళ్ళు ఎనిమిది వందల ఏళ్ళ కిందటివాళ్ళు, కాస్త నిదానంగా చెబుతారు."

ఏటికి ఎగువన ఒక పల్లె శివాలయంలో శాసన స్తంభం ఉంది. అఖండదీపం రాజుగారు పెట్టించారని అందులో ఉన్నట్టు ఆ ఊరి కరణం చెప్పేవాడు, తన పాఠాన్ని మద్రాసు పత్రికలో అచ్చు కూడా వేయించాడు. రాజరత్నం చూడబోతే అర్చకుడు గుమ్మంలోనే ఆపాడు.

"కిరస్తానీలు లోపలికి రాకూడదండి."

ఆయన వాదించలేదు. రేవుకెళ్ళి, తనను దాటించిన పడవ సత్తియ్యను సాయమడిగాడు.

"నాకు అక్షరం ముక్క రాదండి మేష్టారూ," అన్నాడు సత్తియ్య.

"అదే మంచిది. వచ్చుంటే నీకు తోచింది కలుపుతావు."

తడి కాగితం రాతికి అంటించి, కుంచెతో కొట్టి, పైన మసి అద్దడం నేర్పాడు. మొదటి కాగితం చిరిగింది. రెండోది నల్లబడిపోయింది. మూడో వారం వాన. నాలుగో వారం సత్తియ్య తెచ్చిన కాగితం మీద అక్షరాలు తెల్లగా, స్పష్టంగా నిలిచాయి.

పైన రాజు పేరుంది. అది కాలం చెప్పడానికే. పదకొండో వరుసలో అసలు దాత పేరుంది. దీపానికి నెయ్యి కోసం యాభై గొర్రెలిచ్చినావిడ ఓ పడవవాడి తల్లి, కామవ.

రాజరత్నం తన పాఠం రాసి పంపితే, మద్రాసు పత్రికవాళ్ళు కరణంగారి పాఠమే సరైనదని తిప్పి పంపారు. ఆయన మసి కాగితాన్నీ, ఒక్కో అక్షరానికీ రుజువునూ జతచేసి మళ్ళీ పంపాడు. మూడోసారికి, 1892లో, ఆయన పేరుతోనే అచ్చయింది.

ఆ ప్రతి పట్టుకెళ్ళి గుడి బయట నిలబడి చదివాడు. సత్తియ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పడవోడి తల్లా అండి? ఇంకోసారి చదవండి."

ఇంకోసారి చదివాడు. ఈలోగా అర్చకుడు బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఆ పాఠం నాకు రాసివ్వండి. దీపం పెట్టేటప్పుడు ఆవిడ పేరు చెప్పుకుంటాను."

రాజరత్నం అరుగు కిందే నిలబడి రాసిచ్చాడు. లోపలికి మాత్రం ఆ రోజూ రానివ్వలేదు, తరవాతా రానివ్వలేదు. 1904లో బడి పని విరమించేనాటికి ఆయన నలభై ఒక్క శాసనాలు చదివాడు. వాటిలో తొమ్మిదింటి రాళ్ళను ఆయన ఎన్నడూ కళ్ళారా చూడలేదు.