సుగుణమ్మ ఒప్పుకున్న గోత్రం

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా వెనకింటి సుగుణమ్మ నోటికి భయపడి కట్టంగూరు ఊరే మంచిగా ఉండేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. రెండు మగ్గాలు పట్టే ఇంట్లో ఒక్క మగ్గం మీద చీరలు నేసుకుంటూ ఎవరికీ తలవంచకుండా బతికింది. తిట్టిన నోటితోనే తినమని పిలిచేది. అలాంటి జొన్నరొట్టె నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు.

అరవై ఒకటి ఎండాకాలంలో షోలాపూరు నుంచి దశరథం అనే పిల్లవాడు వచ్చాడు. కరువుకాలంలో వాళ్ల తాత సిద్దయ్య మా ఊరి నుంచే అక్కడికి వలసపోయాడట. కలరాలో ఇంటిల్లిపాదీ పోతే, పసివాణ్ని పక్కింటి మిల్లు కూలీలు పెంచారు. తాత పేరు, ఊరి పేరు తప్ప అతనికేమీ తెలియదు. ఇప్పుడొక పిల్లా అతనూ ఇష్టపడ్డారు. పిల్ల తండ్రి మాత్రం, "నీ గోత్రం తెలుసుకుని రా. మాదీ నీదీ ఒకటైతే మీరు అన్నాచెల్లెండ్లు, పెండ్లి ముచ్చట మర్చిపో" అన్నాడు.

నేతన్నల ఇల్లిల్లూ తిరిగాడు. ఎవరూ నోరు విప్పలేదు. వలసపోయినవాడి మనవడు తిరిగొస్తే వాటాకే వస్తాడని మా వాళ్ల లెక్క. గోత్రం ఒప్పుకుంటే ఇంట్లో సగం రాసిచ్చినట్టే. సుగుణమ్మయితే అతని మాట పూర్తిగా వినకుండానే, "సిద్దయ్య లేడు, గిద్దయ్య లేడు, పో" అని తలుపేసుకుంది. ఎర్రటెండలో వచ్చినవాడికి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

నాకు ఒళ్లు మండి ఆమె దగ్గరికి వెళ్లి అనేశాను. "గా పిలగాడు హిస్సాకు రాలే. గోత్రం తెల్వక పెండ్లి ఆగింది."

మగ్గం మీద అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆమె చేతిలో ఆగింది. "గా ముచ్చట ముందే చెప్పొద్దా?" అని నన్నే తిట్టింది. కానీ వెంటనే లేవలేదు. ఇవాళ అడగనివాడు రేపు అడగడని ఏముంది? ఆ ఇల్లు తప్ప లోకంలో ఆమెకేముంది, పాపం? చివరికి కొంగు బిగించి రోడ్డు మీదికి నడిచింది.

దశరథం అక్కడ బస్సు కోసం నిలబడి ఉన్నాడు. హోటల్ ముందున్న వాళ్లందరూ వినేలా చెప్పింది సుగుణమ్మ. "మీ తాత మా మామకు సొంత తమ్ముడు. మనది కౌశిక గోత్రం. ఇంట్ల సగం నీదే. పిల్లది ఏం గోత్రం?"

"వశిష్ట" అన్నాడు. కళ్లనిండా నీళ్లు.

"ఇంకేంది, పెండ్లయితది. ఏడుస్తవెందుకు?"

"సగం నాకొద్దమ్మా."

"అమ్మ గాదు, పెద్దమ్మ. రా, జర బువ్వ తిందువు."

పెళ్లికి ఆమెను నేనే షోలాపూరు తీసుకెళ్లాను. రైల్లో ఇద్దరితో జాగా కోసం కొట్లాడి, తర్వాత వాళ్లకే రొట్టెలు పెట్టింది. భర్తలేనివాళ్లు ముందుకు రాకూడదని అప్పటి కట్టుబాటు, పందిట్లో వెనకాలే కూర్చుంది.

"పెండ్లికొడుకు దిక్కు పెద్దలెవరు?" అని పంతులు అడిగాడు.

దశరథం తల వంచుకున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ ప్రశ్నకు అలా తల వంచుకోవడమే అతనికి అలవాటు.

సుగుణమ్మ కూర్చున్న చోటనే లేచి నిలబడింది.

"నేనున్న" అంది.