రెండో దెబ్బ మీద చప్పట్లు

నా చిన్నప్పుడు, మిషిగన్‌లో కందిపప్పు దొరకడమే గొప్పగా ఉన్న రోజుల్లో, మా పక్కింట్లో ఒక నల్లజాతి తాతగారు ఉండేవారు. పడుచుతనంలో డెట్రాయిట్ డాన్స్ హాళ్లలో శాక్సోఫోన్ వాయించారట. భార్య పోయాక దాన్ని ముట్టుకోలేదు.

ఒక ఆదివారం అమ్మ పులిహోర గిన్నె పట్టుకుని నన్నూ తీసుకెళ్లింది. ఆయన తమ బృందం పాత రికార్డు పెట్టారు. జంప్ బ్లూస్ అంటారని చెప్పారు. వాయించేది ఏడెనిమిది మందే అయినా పెళ్లివారి సందడిలా ఉంది. పియానో పరుగెత్తుతుంటే శాక్సోఫోన్ కేకలు పెడుతోంది. తర్వాత వచ్చిన రాక్ అండ్ రోల్ అంతా ఈ పాటల కడుపున పుట్టిందేనని ఆయన గర్వం.

నేను ఊరుకుంటానా? శనివారం భజనల్లో ఆరితేరినదాన్ని. మొదటి దెబ్బ మీద చప్పట్లు అందుకున్నాను. "తాళం తప్పకే, అంకుల్ నవ్వుతారు," అంది అమ్మ. ఆయన నవ్వలేదు. రికార్డు మీద సూది ఎత్తేశారు.

"ఆమె వినబడట్లేదు తల్లీ," అన్నారు ఇంగ్లీషులో, మెల్లగా. మళ్లీ పెట్టారు. ఈసారి విన్నాను. వాద్యాల వెనక ఒక జత చేతులు, ఒకటి వదిలి రెండు మీద, మూడు వదిలి నాలుగు మీద. అవి ఆయన భార్యవి. రికార్డు చేసిన రోజు ఒక మూల నిలబడి కొట్టిందట. చనిపోయిన మనిషి చప్పట్లని తెలిసి భయమేసింది. అమ్మ కొంగు పట్టుకున్నాను.

ఉన్నది ఆ ఒక్క రికార్డే. పెట్టినప్పుడల్లా గాడి అరిగి ఆ చప్పట్లు ఇంకాస్త సన్నబడుతున్నాయి. పెట్టకుండా ఆయన ఉండలేరు. "నువ్వు నేర్చుకుంటావా?" అని ఏడేళ్లదాన్ని అడిగారు. భజనకి అలవాటుపడిన చేతులు నా మాట వింటేగా! మొదటి దెబ్బకి ఊపిరి పీల్చుకోమన్నారు, రెండోదానికి కొట్టమన్నారు. చాలాసేపటికి కుదిరింది. అప్పుడాయన రికార్డు ఆపి, పెట్టెలోంచి శాక్సోఫోన్ తీసి, నా చప్పట్లకి వాయించారు. వాయిస్తున్నంతసేపూ నన్ను చూడలేదు. నా పక్కన ఖాళీగా ఉన్న చోటునే చూశారు.

ఆయనా పోయారు, రికార్డు ఏమైందో తెలియదు. కానీ కొత్త పాటల్లో, మన సినిమా డాన్సుల్లో కూడా, రెండో దెబ్బ పడితే చాలు, నాకు ఆ చేతులే వినబడతాయి. మొన్న మనవరాలి పుట్టినరోజున పిల్లలు డాన్స్ చేస్తుంటే నాకు తెలియకుండానే కొట్టాను.

"అమ్మమ్మా, ఈ క్లాప్ నీకు ఎవరు టీచ్ చేశారు?" అంది మనవరాలు.

"మా పక్కింటి తాతగారి భార్య," అన్నాను. ఆమె పేరు నేను ఏనాడూ అడగలేదు. పేరైనా తెలియని మనిషి చేతుల్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను.