గుట్ట మీద ఉప్పెన

మా అత్తగారు నన్ను ఏదైనా అడిగారంటే మా ఇంట్లో అది వార్తే. కాఫీ చల్లారిపోయినా వెచ్చబెట్టమని అడగని మనిషి. అలాంటిది మొన్న వేసవిలో, నేను బండి తుడుచుకుంటుంటే వచ్చి పక్కన నిలబడి, "అమ్మాయ్, రెడ్డిగూడెం అవతల గుట్ట మీద ఉప్పెనలో పోయినోళ్ళకి బొమ్మ పెట్టారంట. ఒకసారి చూపిస్తావా?" అన్నారు.

ఆవిడ పుట్టింది దివిసీమలో. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఉప్పెన వచ్చి అమ్మనీ, నాన్ననీ, చంటి తమ్ముణ్ణీ తీసుకుపోయింది. తాటిచెట్టు పట్టుకుని ఆవిడొక్కరే బతికారట. తర్వాత ఆగిరిపల్లి నుంచి పిన్నిగారు వెళ్ళి తెచ్చుకుని పెంచారు. మా అందరికీ తెలిసింది ఈ నాలుగు ముక్కలే.

"ముగ్గుర్లో ఒక్కరి శవం కూడా దొరకలేదు. ఎక్కడ కూచుని ఏడవాలో ఇన్నేళ్ళూ తెలీలేదమ్మా నాకు" అన్నారు దారిలో, బండి వెనక నుంచి. మామిడికాయల లోడు లారీ ఒకటి హారన్ మోగిస్తూ మమ్మల్ని దాటిపోయింది.

ఉప్పెన తర్వాత తీరం నుంచి వచ్చి, ఇక్కడి తోటల్లో కాయ కోతకి కుదిరి ఉండిపోయిన కుటుంబాలు తలా కాస్త వేసుకుని పెట్టించిన బొమ్మ అది. సముద్రానికి ఇంత దూరంలో, అందులోనూ గుట్ట మీద ఎందుకా అనుకున్నాను. నీళ్ళు ఎంత ఎత్తు లేస్తాయో చూసినవాళ్ళు మరి!

పైకెక్కి చూద్దును కదా, బొమ్మకి మొహం నిండా పసుపు, ఇంత కుంకుమ బొట్టు, అతికించిన వెండి కళ్ళు. ఒంటికి జరీ అంచు ఎర్రచీర. చుట్టూ కమ్మీలకి కట్టిన బుల్లి చెక్క ఉయ్యాలలు. కొత్తగా పెళ్ళయినట్టున్న అమ్మాయి ఒకతె తడి బట్టలతో ప్రదక్షిణలు చేస్తోంది.

"ఉయ్యాల కట్టండమ్మా. ఏడాది తిరిగేసరికి ఒళ్ళో బిడ్డ ఖాయం. పవరున్న తల్లి" అంది కొబ్బరికాయలమ్మే ఆవిడ.

నాకసలే ముక్కు మీద కోపం. "ఇదేం గుడి కాదండీ! పిల్లలతో సహా నీళ్ళలో పోయిన తల్లుల గుర్తు. వాళ్ళ దగ్గరికొచ్చి పిల్లల్ని అడుగుతారా? కాస్తయినా ఇంగితం ఉండక్కర్లేదూ?" అని అరిచాను.

"చచ్చిపోయినోళ్ళే కదండీ పేరంటాళ్ళయి పూజలందుకునేది" అంది ఆవిడ ఏమాత్రం నొచ్చుకోకుండా, కాయకి పీచు తీస్తూ.

వెనక్కి తిరిగి చూస్తే మా అత్తగారు బొమ్మ వైపే చూస్తూ నిలబడిపోయారు. ఏడవడానికి వచ్చిన మనిషికి ఇక్కడ జాతర ఎదురైంది. ఎవరి మీద విరుచుకుపడాలో తెలీక బొమ్మ దగ్గరికెళ్ళి ఆ ఎర్రచీర కొంచెం పైకెత్తాను. కింద సిమెంటుతో చేసిన తాటిమొద్దు, దానికి ఇద్దరు పిల్లల్ని తన కొంగుతో కట్టేస్తున్న తల్లి. ఎవరో మనసుపెట్టి చేశారు, కొంగు మడతలు కూడా తెలుస్తున్నాయి.

"చూడండత్తయ్యా, అసలు బొమ్మ ఇదీ! ఈ చీర తీసేస్తే మీకు బాగా కనపడుతుంది" అంటూ భుజం దగ్గర పిన్నీసు తీశాను.

ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. ఆ చేతిలో అంత బలం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

"తియ్యొద్దు."

"దేవత కాదు కదత్తయ్యా, మీ అమ్మగారి లాంటి ఆవిడ..."

"అందుకే తియ్యొద్దంటున్నా. మా అమ్మ ఒంటి మీద చీర లేదే ఆ రోజు. అందరూ చూస్తుండగానే విప్పేసి, దాంతో నన్ను చెట్టుకి కట్టింది. అట్లాగే పోయింది."

తాటిచెట్టు పట్టుకుని బతికానని ఆవిడ చెప్తే మేమందరం తలూపాం. అంత గాలిలో, అంత నీళ్ళలో, అంత చిన్నపిల్ల రాత్రంతా చెట్టునెలా పట్టుకోగలదని ఇంతమందిలో ఒక్కరికీ తోచలేదు.

ఆవిడ నా చేతిలోంచి పిన్నీసు తీసుకుని మళ్ళీ పెట్టారు. జారిన కుచ్చిళ్ళు ఒక్కొక్కటే సర్దారు. అప్పుడు ఆ కాళ్ళ దగ్గర కూలబడి, "అమ్మా" అంటూ పెద్దగా ఏడ్చారు. ప్రదక్షిణలు చేస్తున్న అమ్మాయి ఆగిపోయింది. కొబ్బరికాయల ఆవిడ వచ్చి నీళ్ళ సీసా పక్కన పెట్టి వెళ్ళింది. నేను వీపు మీద చెయ్యి వేశాను. నాకూ ఆగలేదు.

చాలాసేపటికి ఆవిడ కళ్ళు తుడుచుకుని, చీర అంచు కింద నుంచి కనపడుతున్న సిమెంటు పిల్లాడి తల నిమిరారు.

"ఇదొక్కటే తప్పు చేశారమ్మాయ్."

"ఏంటత్తయ్యా?"

"ఇద్దర్నీ కట్టినట్టు పెట్టారు. ఒక్క చీర ఇద్దరికి చాల్లేదు. తమ్ముడు అమ్మ చంకలో గుక్కపట్టి ఏడుస్తున్నాడు. వాడి మొహం ఒకసారి చూసింది, నా మొహం ఒకసారి చూసింది. చూసి, నా ముడే ఇంకోసారి బిగించింది."