కలరా పట్టికలో మా గడి

కార్వేటినగరం దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను హెల్త్ అసిస్టెంటుగా చేరేనాటికి ప్రపంచంలో చాలా చోట్ల కలరా తిరుగుతోంది. డెబ్బైల నాటి మాట. పై ఆఫీసు నుంచి నెలకోసారి సైక్లోస్టైల్ చేసిన కాగితం ఒకటి వచ్చేది. ఏ దేశంలో ఎంతమందికి కలరా సోకింది, ఎంతమంది పోయారు అన్నది అందులో ఉండేది. మా ఇన్‌స్పెక్టరుకు ఆ కాగితమంటే ప్రాణం. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. నా దస్తూరి బాగుంటుందని పెద్ద అట్ట మీద గళ్లు గీయించి, ఆ అంకెలన్నీ నా చేతే ఎక్కించేవాడు. దేశాలన్నీ అయ్యాక అడుగున మా కేంద్రం పరిధికి ప్రత్యేకంగా ఒక గడి. అందులో ఎప్పుడూ సున్నాయే.

ఇటలీ పేరు ఆ కాగితంలో కనిపించిన రోజు ఆయన సంబరం ఇంతా అంతా కాదు. "సూడప్పా, తెల్లోళ్లకే వచ్చె కలరా! మనకు సున్న!" అని వచ్చినవాళ్లందరికీ అట్ట చూపించాడు. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లి మా నాయనకు గొప్పగా చెప్పాను. ఆయన అప్పటికే రేడియోలో విన్నాడు.

"ఆడ కొద్దిమంది పోతేనే ఊరంతా నిలబెట్టి సూదులేస్తాండారంట గదా" అన్నాడు. ఆ మాట నేను పట్టించుకోలేదు.

తర్వాతి ఎండాకాలం మా పరిధిలోని ఒక పల్లెలో బావులు ఎండిపోయాయి. మిగిలిన ఒక్క దిగుడుబావి నీళ్లే ఊరందరికీ. ఒక ఉదయం కబురొస్తే సైకిలు మీద వెళ్లాను. నాలుగిళ్లలో వాంతులు, విరేచనాలు. బియ్యం కడిగిన నీళ్లలా పోతున్నాయి. ఒక ఇంట్లో ఇరవై ఏళ్ల అమ్మాయి నులకమంచం మీద పడి ఉంది. కళ్లు గుంటలు పడ్డాయి, వేళ్ల చర్మం ముడతలు పడింది. పుట్టింటి నుంచి వచ్చి రెండు రోజులైందట. పక్కన ఏడాది నిండని ఆడపిల్ల ఏడుస్తోంది. నా సంచిలో ఉన్న సెలైన్ సీసాలు రెండూ ఆ అమ్మాయికే ఎక్కించాను. చాలలేదు. ఎద్దుల బండిలో ఆసుపత్రికి తెస్తుండగా దారిలోనే ప్రాణం పోయింది. మిగిలిన మూడిళ్లవాళ్లూ బతికారు.

విరేచనం నమూనా పరీక్షకు చిత్తూరుకు పంపాను. పది రోజులకు జవాబొచ్చింది. కలరాయే. ఇన్‌స్పెక్టరు ఆ జవాబు చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"వాంతులు, విరేచనాలని రాయప్పా."

"కలరా అనే వచ్చింది గదా సార్."

"నాకు కనపడలేదనుకుంటివా? కలరా అని రాస్తే మామిడికాయ లారీ ఒక్కటీ మద్రాసుకు పోదు. తిరపతి కొండకు జనం రారు. పైనోళ్లు నన్నూ నిన్నూ పీకి పారేస్తారు. బావిలో బ్లీచింగు ఏసినాము, ఊరికంతా సూదులేసినాము. ఇంక పేరు ఏదైతే ఏమి?"

ఆయన చెప్పినట్టే రాశాను. ఆ నెల అట్ట మీద సున్నా చుట్టిందీ నేనే.

నెల తిరక్కుండానే ఆ అమ్మాయి తల్లి మా కేంద్రానికి నడిచి వచ్చింది. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడింది.

"నా బిడ్డ ఏం జబ్బుతో పోయినాదో ఒక్క మాట చెప్పు నాయనా. మా ఇంట్లో తిన్న సంగటి, పులగూర పడక పోయిందంటాండారు దాని అత్తగారోళ్లు. అందరూ బతికి ఇదొక్కటే ఎట్ల పోయిందంటారు. నా చేతి కూడే విషమంట. మనవరాల్ని తాకనీరు."

ఇన్‌స్పెక్టరు పక్క బల్ల దగ్గరే ఉన్నాడు. తల ఎత్తలేదు.

"వాంతులు, విరేచనాలమ్మా" అన్నాను.

"అవి నేనూ సూసినా. ఎందుకొచ్చినాయని అడుగుతాండా."

నేను రిజిస్టరు తెరిచి పేజీలు తిప్పాను. ఆమె కాసేపు చూసి వెళ్లిపోయింది.

పై ఆఫీసు కాగితం మళ్లీ వచ్చినప్పుడు అట్ట మీద ఇటలీ గడి ముందు చాలాసేపు కూర్చున్నాను. వాళ్లు జబ్బు పేరు బయటికి చెప్పుకున్నారు, చెప్పుకున్నారు కాబట్టే పట్టికకెక్కారు. అసలు పేరే కనిపించని దేశాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ కూడా నాలాంటి వాడొకడు కలం పట్టుకుని కూర్చుని ఉంటాడనిపించింది. ఆ తర్వాత అట్ట మీద అంకెలు ఎక్కిస్తూనే వచ్చాను గాని, ఏ దేశం బాగుంది, ఏది బాగాలేదు అని ఎవరికీ చెప్పలేదు.

మరుసటేడు ఇన్‌స్పెక్టరు రిటైరై వెళ్లాక ఆ తల్లి ఊరు వెతుక్కుంటూ పోయాను. జరిగిందంతా చెప్పాను. ఆమె చెప్పులు తొడుక్కుని, "ఆ మాట వాళ్లకు చెబుదువు రా" అంది. ఇద్దరం కలిసి ఆ అమ్మాయి అత్తగారి పల్లెకు నడిచాం.

అల్లుడు ఇంట్లో లేడు. అత్తగారు అరుగు మీద కూర్చుని వింది. "అప్పుడెందుకు చెప్పలేదు సారూ? కాగితం ఏమన్నా ఉండాదా?" అని అడిగింది.

లేదన్నాను.

"అయితే ఈమె పిలుచుకొచ్చి చెప్పిస్తాండాది" అంటూ పాపను ఎత్తుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆ తల్లి ముందు నడిచింది. క్షమించమని అడగాలనుకుంటూనే వెనక నడిచాను. చెరువు కట్ట ఎక్కాక ఆమే ఆగింది.

"ఒగ మాట చెప్తా నాయనా. వాళ్లను అనేదేముండాది? ఇన్నాళ్లూ నేనే అనుకుంటాంటి, నా సంగట్లోనే ఏమన్నా పడిందేమోనని" అంది.