మొహం లేని ఫోటో

అరవైల మొదట్లో నెల్లూరులో మా పక్కింట్లో గడియారాలు బాగుచేసే సాయిబుగారు ఉండేవారు. ఆయన దగ్గర ఖరీదైన జర్మనీ కెమెరా ఒకటి ఉండేది. దాని లెన్సును ఆయన మల్లుగుడ్డతో తుడుస్తుంటే పసిబిడ్డ ఒళ్లు తుడుస్తున్నట్టుండేది. ఆదివారాలు ఇద్దరం సైకిళ్ల మీద మైపాడు సముద్రానికి పోయేవాళ్లం. జాలర్లు కెమెరాను చూసి నిలబడిపోతే ఆయనకు కోపం వచ్చేది. "ఇటు తిరగబాకండబ్బా! మీ పని మీరు చేసుకోండి," అని కసిరేవారు. ఫోటో కోసం నిలబడిన మొహంలో జీవం ఉండదని ఆయన నమ్మకం.

ఒక గాలివాన తర్వాత మైపాడు నుంచి ఒక తల్లి ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. వేటకు పోయిన ఆమె కొడుకు తిరిగి రాలేదు.

"మా వోడి బొమ్మ మీకాడ ఉంటది గదా సాయిబూ?" అంది.

ఆయన రెండు రోజులు ఫిలింలన్నీ వెతికారు. ఆ కుర్రాడు ఒక్కదాంట్లోనే ఉన్నాడు, మనకు వీపు పెట్టి పడవను నీళ్లలోకి తోస్తూ. దాన్నే పెద్దది చేసి ఇచ్చారు. వీపు మీది చెమట చుక్కలు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆమె వాటిని వేలితో తడిమింది. తర్వాత మొహం కోసం కాగితాన్ని వెనక్కి తిప్పి చూసింది.

సాయిబుగారు తలెత్తలేకపోయారు. చివరికి ఆమే ఓదార్చింది.

"పోనీలే సాయిబూ. వీపయినా మా వోడిదే గదా."

ఆయన మళ్లీ మైపాడు రాలేదు.