కాటా మీద ల్యాప్‌టాప్

మా చేపల చెరువుల మీద ఒకటే లెక్క. బరువుంటే సరుకు, లేకపోతే నీళ్ళు. కొల్లేరు పక్కన పుట్టి, ఎనిమిదో తరగతిలో బడి వదిలేసి (బడే నన్ను వదిలేసిందని మా ఆవిడ వాదన) చెరువు గట్టెక్కినవాణ్ణి. ల్యాప్‌టాప్ కొనడానికీ నాకు ఆ లెక్కే దిక్కయింది.

మా అమ్మాయికి తాడేపల్లిగూడెంలో డిప్లొమా సీటొచ్చింది. పొద్దున్నే ఆటోలో ఏలూరు, అక్కణ్ణుంచి రైలు. కాలేజీలో కంప్యూటర్లు తక్కువ, తన వంతు వచ్చేసరికి సాయంత్రం బండి వెళ్ళిపోతోంది.

"సొంత ల్యాప్‌టాప్ ఉంటే ఇంటి నుంచే వెళ్ళొస్తాను నాన్నగారూ. లేదంటే హాస్టల్లో చేరిపోవాలి," అంది.

హాస్టల్ మాట వినగానే మా ఆవిడ చెయ్యి కంచంలో అలాగే ఉండిపోయింది. నేను గట్టిగా నవ్వి, "ఓస్, పదండి, కొనేద్దాం," అన్నాను. ఆ నవ్వు వెనక గుండె ఎంత జారిందో మా చేపలకి తెలుసు.

ముగ్గురం ఏలూరు వెళ్ళాం. కొట్టు మేడ మీద. కొట్టాయన వరసగా పెట్టి చూపిస్తుంటే, ఒక్కోదాన్నీ చేతుల్లోకి తీసుకుని బరువు చూశాను. బొచ్చె చేపని అలాగే చూస్తాం మరి. చివరికి ఒకటి దొరికింది. నల్లగా, దిట్టంగా, ఎత్తితే ముంజేతులు వంగాయి.

"సరుకంటే ఇదీ! ఇదిచ్చేయండి."

"అది గేములాడేవాళ్ళదండీ," అన్నాడు కొట్టాయన.

"మా అమ్మాయీ ఆడుతుందండీ, వామనగుంటలు."

అమ్మాయి నవ్వలేదు. పల్చటి బూడిదరంగుది చూపించింది. ఛార్జర్ పీకేసినా సాయంత్రం దాకా పనిచేస్తుందట, తన క్లాసులకి అది చాలట. చేతిలోకి తీసుకుంటే అప్పడంలా ఉంది.

"ఇందులో ఏమీ లేదమ్మలూ, ఒట్టి డొల్ల," అన్నాను.

అమ్మాయి వెంట తెచ్చిన కాలేజీ సంచిలో నల్లదాన్ని పెట్టింది. ఇటుకలాంటి దాని ఛార్జర్ కూడా వేసింది. అప్పటికే అందులో పుస్తకాలు, క్యారేజీ, నీళ్ళ సీసా ఉన్నాయి.

"వేసుకోండి నాన్నగారూ. ఈ మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి రండి. స్టేషన్లో వంతెన నేను రోజూ ఎక్కుతాను."

కొట్టాయన కంగారు పడ్డాడు. "భయపడకండి, మా ఆవిడని తాకట్టు పెట్టి వెళ్తున్నాను," అన్నాను.

"ఒప్పుకోకండి బాబూ! ఇదే అదనని వెనక్కి రారు," అంది మా ఆవిడ.

దిగడం దర్జాగానే దిగాను. ఎక్కేటప్పుడు సగం మెట్లకే భుజం పట్టేసింది. క్యారేజీ వీపులో పొడుస్తోంది. పైనుంచి అమ్మాయి, "రైలు కదిలిపోతోందండీ!" అని కేక. మా ఆవిడ కూత వేసింది. కొట్టాయన చెయ్యి ఊపి పచ్చజెండా చూపించాడు. పైకి చేరేసరికి గట్టున పడ్డ చేపలా నోరు తెరిచి ఉన్నాను.

"ఏవండీ, సరుకు బాగుందా?" అంది మా ఆవిడ.

కొట్టాయన వైపు తిరిగి, "ఆ అప్పడమే కట్టివ్వండి," అన్నాను.

ఇంటికెళ్ళే దారిలో మా చెరువు దగ్గర ఆగాం. చేపలు పట్టి తూస్తున్నారు. నాకు ఉండబట్టలేదు. కాటా మీద శుభ్రమైన తువ్వాలు పరిచి, ల్యాప్‌టాప్ పెట్టాను. ఓ మాదిరి శీలావతి చేపంత కూడా తూగలేదు.

"ఏంటండీ, ఇంత బుల్లిదాన్ని పట్టేశారు? మళ్ళీ చెరువులో వదిలేయండి, పెరుగుతుంది!" అని వల లాగేవాళ్ళు ఒకటే గోల.

"పెరగాల్సింది ఇది కాదురా, దీన్ని మోసేది," అన్నాను. అమ్మాయి అప్పుడు నవ్వింది.

మర్నాడు ఆటో హారన్ కొట్టగానే సంచి భుజాన వేసుకుని పరుగెత్తింది. నడక కాదు, పరుగు! "సాయంత్రం పులుసు పెడతాను, తొందరగా వచ్చెయ్!" అని వాకిట్లోంచి మా ఆవిడ అరిచిన అరుపు అవతలి గట్టు దాకా వినిపించి ఉంటుంది.

ఆ తర్వాత మా ఇంట్లో హాస్టల్ మాట లేదు. ల్యాప్‌టాప్ ఎంపిక నాదేనని ఊరంతా చెప్పుకుంటున్నాను. అమ్మాయి పక్కనుంటే మాత్రం, "మెట్ల మీద చూసి మరీ కొన్నాం," అంటాను.